పరుగెత్తని శనివారం

జోగారావు మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే ముందు చెప్పుల కోసం వెతుక్కుంటారు. ఇది ఆయన శిష్యులమందరం ఎరిగిన సంగతే. ప్రశ్న చిన్నదైతే కూర్చున్నచోటే ఒక మాట చెప్పి ఊరుకుంటారు. కాస్త బరువైనదైతే మాత్రం లేచి, బల్ల కింద కాలితో తడిమి, చెప్పులు తొడుక్కుని "పద, చూసొద్దాం" అంటారు. ఎక్కడికని అడిగినవాడికి జవాబు ఉండదు. కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి ఆయన. సాలూరులో తన మేడమీది గదిలో పాత కంప్యూటర్లు వరసగా పెట్టి, సాయంత్రాలు ఊళ్లోవాళ్లకు ఎక్సెల్ నేర్పుతారు. యాభై దాటాక మౌసు పట్టుకున్న నాలాంటి మొద్దుకు కూడా ఆయన దగ్గర చదువు అబ్బింది. అందుకే "మా మాస్టారు" అనేటప్పుడు నా ఛాతీ కాస్త ముందుకొస్తుంది. దాచుకోవడం దేనికి?

ఆ యేడు మా అందరిలోకి చురుకైన శిష్యురాలు శ్యామల. ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరు. మేమంతా కూడికల దగ్గర కుస్తీ పడుతుంటే ఆమె సగటులు, ర్యాంకులు దాటి, ఒక అంకె మారిస్తే షీటు మొత్తం దానంతటది సర్దుకునేలా చేసుకుంది. ఆ విద్యను ఆమె ఊరికే పెట్టుకోలేదు. జిల్లా పోటీల్లో ఎనిమిది వందల మీటర్ల పరుగుకు స్కూలు తరఫున ఒక్క అమ్మాయినే పంపాలి. అంతకుముందు ఆ పేరు హెడ్‌మిస్ట్రెస్ గారి నోట్లోంచి వచ్చేది. ఎందుకా పేరే అని అడిగేవాళ్లు ఉండేవారు కాదు. ఈసారి అలా కాదని శ్యామల పట్టుబట్టింది. వానాకాలమంతా ప్రతి శనివారం పొద్దున్నే పిల్లల్ని పరుగెత్తించి, ఎవరికెన్ని సెకన్లు పట్టిందో షీటులో ఎక్కించింది. ఒక్కో అమ్మాయికి ఒక అడ్డువరస, ఒక్కో శనివారానికి ఒక నిలువువరస. చివర సగటు, దాని పక్కన ర్యాంకు. ఎవరి సగటు తక్కువైతే వాళ్లది మొదటి స్థానం.

"ఈయేడు పేరు నేను చెప్పలేదు మాస్టారూ, లెక్కే చెప్పింది," అంటూ ఒక సాయంత్రం ఆ షీటు ఆయన ముందు తెరిచింది. మొదటి స్థానంలో పైడితల్లి అనే అమ్మాయి ఉంది. ఎవరూ అనుకోని పేరట. అందరూ రోహిణి అనుకున్నారట. దాగున్న మాణిక్యాన్ని షీటు బయటికి తీసిందని శ్యామల సంబరం. తీసిన చెయ్యి తనదని ఆమె అనలేదు గానీ, ఆ మాట ఆమె ముఖం మీద ఉంది.

మెచ్చుకోలు అందుకున్నాక, వెళ్లబోతూ అడిగింది. "మాస్టారూ, చిన్న సందేహం. తెలియని చోట ఏమీ రాయొద్దని మీరెప్పుడూ అంటుంటారు. గడి ఖాళీగా వదిలినా, సున్నా వేసినా ఒకటే కదా? రెండింటికీ అర్థం ఏమీ లేదనే కదా?"

మాస్టారు మళ్లీ తెర వైపు చూశారు. పైడితల్లి వరస వెంబడి ఆయన చూపు మెల్లగా నడిచి ఒకచోట ఆగింది. నేను ఏదో చెబుతారనుకున్నాను. ఆయన కాలు బల్ల కింద తడుముతోంది.

"పద, ఆ ఫస్టొచ్చిన పిల్లని చూసొద్దాం," అన్నారు.

పిలవకపోయినా నేనూ వెంట నడిచాను. స్కూలు మైదానంలో పిల్లలు సాయంత్రం సాధన ముగించి, చెమటలు తుడుచుకుంటున్నారు. పైడితల్లి సన్నగా, పొడుగ్గా, చువ్వలా ఉంది. ఆ ఉదయమే ప్రార్థన సమయంలో ఆమె పేరు చదివారు. స్కూలంతా చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నానికే వాళ్ల వీధికి కబురు పాకింది, మేనమామ పరుగుబూట్లు తెస్తానని మాటిచ్చాడు. తోటి పిల్లలు ఇదంతా మాకు ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. కాస్త దూరంగా కూర్చుని కాలివేళ్లకు అంటిన బురద గీరుకుంటున్న అమ్మాయి రోహిణి అని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

మాస్టారు పైడితల్లిని దగ్గరికి పిలిచారు. "నువ్వు పరుగెత్తిన వారాలన్నిట్లో నీకు బాగా గర్వమనిపించింది ఏదమ్మా?"

"ఆకరి వారంది తాతగారూ," అంది ఆ పిల్ల, ఆలోచించకుండానే. "మలుపుకాడ రోయిణిని దాటీసినాను."

"మరి మీ మేడం షీటు ఇంకోలా అంటోందే? అన్నిటికంటే తొందరగా వచ్చింది ఆ పెద్దవాన పడ్డ శనివారంట."

పైడితల్లి నొసలు చిట్లించింది. నాకింకా సంగతి అందలేదు. శ్యామలకూ అందలేదు. మాస్టారు తప్పు చదివారేమో అనుకుని ఫోన్లో షీటు తెరిచింది. ఆ పిల్లకు మాత్రం ఏదో తేడాగా ఉందని తెలిసిపోయింది. ఆమె ఒకసారి రోహిణి వైపు చూసింది, ఒకసారి నేలకేసి చూసింది. ఔననేస్తే సరిపోయేది. పెద్దాయన అడుగుతున్నాడు, మేడం షీటు చెబుతోంది, మేనమామ బూట్లకు బయల్దేరాడు. నోటిదాకా వచ్చిన ముద్దను ఎవరు మాత్రం నేలపాలు చేసుకుంటారు?

"ఆ దినం నాను రానేదండి," అంది పైడితల్లి. "మా సేలో ఉబాలు. ఊడ్పులకి మనుసులు సాల్నేదని మా అమ్మతోటి నారు మోసినాను."

శ్యామల వేలు ఫోను మీద ఆగిపోయింది. పైడితల్లి వరసలో, పెద్దవాన పడ్డ శనివారం కింద, గుండ్రంగా, ముద్దుగా ఒక సున్నా కూర్చుని ఉంది.

"రాలేదు కాబట్టే సున్నా వేశాను మాస్టారూ," అంది నెమ్మదిగా. స్కూల్లో అది అలవాటే. ఏ రిజిస్టర్లోనైనా గడి ఖాళీగా వదిలితే, ఇదేమిటమ్మా అని తనిఖీకి వచ్చినవాళ్లు అడుగుతారు. పరీక్షకు రాని పిల్లకు సున్నా వేస్తారు, గొడవ వదిలిపోతుంది. మార్కుల్లో సున్నా మనిషిని అడుక్కు తోసేస్తుంది. పరుగులో అదే సున్నా మనిషిని నెత్తిన పెట్టుకుంటుంది. ఒక్క సెకను కూడా పట్టకుండా గీత చేరిన పిల్లను ఎవరు ఓడించగలరు? మిగిలిన అమ్మాయిల్లో ఒక్కరూ ఒక్క వారమూ మానలేదు. మానిన ఒక్క పిల్లకే షీటు పీట వేసింది.

శ్యామల ఆ సున్నాను చెరిపేసింది. ఖాళీ గడిని షీటు సగటులో కలపదు. సగటు మారింది, పక్కనే ర్యాంకులూ మారాయి. రోహిణి మొదటికి వెళ్లింది, పైడితల్లి రెండోస్థానానికి దిగింది. అంతా ఆమె కట్టిన లెక్కే, షీటు ఆమె నేర్పినట్టే చేసింది. ఫోను చేత్తో పట్టుకుని ఆమె పిల్లలందరి ఎదుటా తల ఎత్తి చెప్పింది. "తప్పు నాది. రాని రోజుకు నేను సున్నా వేశాను. పొద్దున్న చదివిన పేరు తప్పు. పైడితల్లీ, నన్ను క్షమించమ్మా."

కొందరు టీచర్లయితే గదిలోకి పిలిచి గుసగుసగా చెప్పి ఉండేవారు. ఈమె కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. మా క్లాసుమనిషి అని నాకు లోపల్లోపల ఎంత గర్వమైందో! మాస్టారు మాత్రం కొండల మీద దిగుతున్న మబ్బును చూస్తున్నారు, అక్కడేదో రాసి ఉన్నట్టు.

పైడితల్లి కళ్లు నిండాయి. పొద్దున్నుంచీ తనదైనది సాయంత్రానికి కాకుండాపోతే ఏ పిల్లకైనా ఏడుపొస్తుంది. ఆమె మోచేత్తో ముఖం తుడుచుకుని అడిగింది.

"అయితే మేడం, ఆ గడి ఇప్పుడు కాళీయేనా?"

"ఖాళీయే."

"అయితే నింపండి. ఇప్పుడే పరిగెడతాను. పరిగెట్టకుండా వొచ్చిన ఫస్టు నాకక్కర్నేదు."

శ్యామల మాస్టారి వైపు చూసింది. ఆయన మబ్బును వదల్లేదు. అడిగితే ఏం చెప్పేవారో గానీ, ఆమె అడగలేదు. పేరు పంపడానికి ఇంకా గడువుంది. మెళ్లో వేలాడుతున్న స్టాప్‌వాచీ చేతిలోకి తీసుకుని గీత దగ్గరికి నడిచింది.

అప్పుడు రోహిణి లేచింది. బురద గీరడం మానేసి, పావడా పైకి దోపుకుని, పైడితల్లి పక్కన వచ్చి నిలబడింది. "ఒక్కర్తివే పరిగెడితే ఊపు రాదే. నానూ వస్తాను."

"నీకేటి పని? నీ గళ్లన్నీ నిండిపోనాయి కదా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

నిజమే. రోహిణికి ఇందులో వచ్చేది ఏమీ లేదు, పోయేది మాత్రం ఉంది. పక్కన ఒకరు తరుముతుంటే పైడితల్లి ఇంకా తొందరగా వస్తుంది. మరీ తొందరగా వస్తే, ఇప్పుడే చేతికందిన స్థానం మళ్లీ చేజారుతుంది. ఇవన్నీ రోహిణికి తెలియకపోలేదు. తెలిసీ నిలబడింది. అరిచినవాళ్లకేసి తిరిగి కూడా చూడలేదు.

ఇద్దరూ పరుగెత్తారు. నేల తడిగా ఉంది, కాళ్లకు బూట్లు లేవు. మొదటి చుట్టు పక్కపక్కనే సాగింది. రెండో చుట్టులో మలుపు దగ్గర పైడితల్లి అలిసినట్టు అనిపించింది. రోహిణి అరుపు మైదానం ఈ చివరకు వినిపించింది, "రాయే! రా!" అని. ఆ అరుపుకో, మరి దేనికో, ఆ పిల్లకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ ఊపు! చివరి వంద మీటర్లలో ఇద్దరి భుజాలూ ఒక్క వరసలో వచ్చాయి. గీత మాత్రం పైడితల్లే ముందు దాటింది. పిల్లలంతా గొంతులు పోయేలా అరిచారు. నేనూ అరిచాననుకుంటాను, మరునాడు నా గొంతు బొంగురుపోయింది.

శ్యామల స్టాప్‌వాచీ చూసుకుని, ఆ అంకెను ఖాళీ గడిలో వేసింది. అది ఆ పిల్ల వానాకాలం మొత్తంలో పరుగెత్తిన అన్నిటికంటే మంచి పరుగు. ఫోను చుట్టూ తలలన్నీ గుమిగూడాయి. పైడితల్లి సగటు కొంచెం తగ్గింది. తగ్గింది గానీ, రోహిణిని దాటేంత తగ్గలేదు.

"రెండేనా?" అని అడిగింది పైడితల్లి, రొప్పుతూ.

"రెండే," అంది శ్యామల.

"అయితే అది నాదే," అంది ఆ పిల్ల.

పైడితల్లి రోహిణి భుజం మీద చెయ్యి వేసి, పొద్దున్న మొదటిస్థానం ప్రకటించినప్పుడు కూడా అంత ఎత్తుగా నిలబడి ఉండదు, అలా నిలబడింది. మేనమామ తెచ్చే బూట్లు రోహిణికి సరిపోతాయా లేదా అని ఇద్దరూ అక్కడే పాదానికి పాదం ఆనించి కొలుచుకున్నారు. రెండూ ఒకే కొలత.

తిరిగొచ్చేటప్పుడు మాస్టారు ముందు నడిచారు. శ్యామల తన సందేహం మళ్లీ అడగలేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లం, అడిగినదానికి జవాబు వచ్చేసిందో లేదో ఆ నడకలోనే తెలుసుకోవడం మాకు అలవాటు.

జిల్లా పోటీలు ముగిశాక, చలి మొదలయ్యేవేళకు శ్యామల కొత్త షీటు తయారు చేసుకుంది. అవే పేర్లు, ముందున్న శనివారాలు. ఒక్క పరుగూ జరగలేదు కాబట్టి అడ్డంగా, నిలువుగా అన్నీ ఖాళీ గడులే. రోహిణి పేరు కింద పైడితల్లి పేరు. దాని ఎదురుగా తెల్లటి గడుల బారు తెర చివరిదాకా సాగిపోయింది. శ్యామల దాన్నే చూస్తూ కూర్చుంది. చాలాకాలం రిజిస్టర్లు రాసిన చెయ్యి అది, వేలు దానంతటదే మీటల మీదికి వెళ్లి వెనక్కి వచ్చింది.

"ఇన్ని ఖాళీలు చూస్తుంటే చెయ్యి ఊరుకోవడం లేదు మాస్టారూ," అని నవ్వింది.

ఆయన ఈసారి చెప్పుల కోసం వెతుక్కోలేదు. కుర్చీలోంచే ముందుకు వంగి, పైడితల్లి పేరు మీద వేలు ఆనించారు.

"ఉండనీ అమ్మా," అన్నారు. "ఆ పిల్ల వస్తుంది."