పాలచిలుకకు చక్కిలిగింతలు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు అందగాడు, నడిపివాడు బలశాలి, చిన్నవాడు మణికేతుడికేమో తోక. నవ్వకండర్రా, నిజంగానే తోక! లేగదూడకున్నంత. రాజుగారికి మహా నామోషీ. ఎవరి కంటా పడకుండా పంచె లోపల బిగించి కట్టించేవాడు.

ఐదేళ్ళప్పుడు ఓడ మునిగి, ఆ పిల్లాడు ఏడు సముద్రాల అవతల ఒక దీవికి కొట్టుకుపోయాడు. అక్కడ బండోదరి అనే ముసలి రాక్షసి ఉండేది. నోట్లో ఒక్క పన్నూ లేదు పాపం, ఇంక ఎవర్ని తింటుంది? ఆమె ఇంట్లో చీకటంటే హడలిపోయే ఎలుగుబంటి కంబళయ్య, ఎక్కణ్ణుంచో వచ్చి వాలిన తెల్లచిలుక పాలమ్మ. నువ్వెవరి బిడ్డవు, ఆ తోకేమిటి అని ఒక్కరూ అడగలేదు. ఆ ఇంట్లో ఎవరైనా అలిగితే మెడకింద చక్కిలిగింతలు పెట్టి, నవ్వించి, ముద్దలు తినిపించేవారు. అదే వాళ్ళ ఆచారం. అలా ఐదేళ్ళు గడిచాక రాజుగారి ఓడలొచ్చి పిల్లాణ్ణి తీసుకుపోయాయి.

కోటలో అన్నీ ఉన్నాయి, బండోదరి అవ్వే లేదు. ఇరవయ్యో ఏట ఇక ఉండబట్టలేక మణికేతుడు బయల్దేరాడు. పడవ నడిపింది వల్లిక అనే జాలరి పిల్ల. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. దీవి కనబడిందో లేదో, కట్టు తెంచుకుని తోక టపటపా ఊగింది! మణికేతుడు సిగ్గుతో చచ్చిపోయాడు.

"సంతోషమొస్తే ఊగుతుందా, రాజకుమారా?" అంది వల్లిక.

"ఊఁ."

"భలే! ఇక తమరి మనసులో ఏముందో అడగక్కర్లేదు."

తీరా దిగి చూస్తే ఏముంది? గుమ్మంలో అవ్వ రాయైపోయి ఉంది. పక్కన కంబళయ్యా రాయే. తాటిచెట్టు కింద కరాళుడనే మాంత్రికుడు కూర్చుని ఉన్నాడు. చెట్టుమీదున్న పాలమ్మ రివ్వున వచ్చి మణికేతుడి భుజం మీద వాలింది.

"తమ్ముడూ! వీడు తన ప్రాణం నాలో దాచాడట. ఇప్పుడు నన్ను ఇనుప పంజరంలో పెడతానంటూ వచ్చాడు. నా బిడ్డనివ్వనంది అవ్వ. అందుకని రాయి చేశాడు. నా మెడ నులిమెయ్యి. వీడు చస్తాడు, వాళ్ళు లేస్తారు."

మణికేతుడు బావురుమన్నాడు. "నిన్ను చంపి అవ్వకు ఏ మొహం చూపించనే అక్కా?"

మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు. ఏం చెయ్యాలో తోచక మణికేతుడు చిలుక మెడకింద గబగబా చక్కిలిగింతలు పెట్టాడు. ప్రాణం అక్కడే ఉందాయె! కరాళుడు కిచకిచా నవ్వి, పకపకా నవ్వి, దొర్లి దొర్లి నవ్వాడు. దండం కాస్తా జారిపోయింది. వల్లిక దాన్ని లాగేసుకుంది.

తరవాత మణికేతుడు చిలుకకు జామపండు తినిపించాడు. మాంత్రికుడి కడుపు నిండింది, కోపం సగం దిగింది. ఆ పైన చిలుక తల మెల్లగా నిమిరాడు. అంతే, అంతలేసి మీసాల మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నన్నెవరూ ఎప్పుడూ ఇలా నిమరలేదయ్యా," అంటూ తానే మంత్రం చదివి రాళ్ళకు ప్రాణం పోశాడు.

అవ్వ కళ్ళు నులుముకుని, "వచ్చావా నాయనా! చిక్కిపోయావే!" అని మణికేతుణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. కరాళుడు మూటా ముల్లే సర్దుకోబోతే, "ఎక్కడికి? కూర్చో. ఇక్కడందరూ ఇలా వచ్చినవాళ్ళే," అంది.

మణికేతుడికీ వల్లికకూ ఆ దీవిలోనే పెళ్ళి. రాజుగారూ వచ్చారు. పెళ్ళికొడుకు తల్లిదండ్రులు వచ్చి కూర్చోండని పురోహితుడు పిలిచాడు. తల్లిలేని పిల్లాడాయె. రాజు రెండడుగులు వేసి ఆగిపోయి, అవ్వకు చేతులు జోడించాడు.

"మీరు కూర్చోండమ్మా. వీణ్ణి నేను దాచిపెట్టాను. పెంచింది మీరు."

అవ్వ పీటమీద పక్కకు జరిగింది. "చోటుందిలే నాయనా, నువ్వూ రా," అంది.

మణికేతుడూ వల్లికా ఆ దీవిని నిండు నూరేళ్ళు ఏలారు. వాళ్ళు హాయిగా ఉన్నారు గానీ, ఇక లేచి చేతులు కడుక్కోండర్రా, అన్నాలకు వేళయింది!