ధబీమని పడే కిటికీ

ఒకానొక కాలంలో మేఘగిరి రాజుగారికి ఒక వింత రథం ఉండేది. మీట నొక్కితే దాని కిటికీకున్న ఇత్తడి పలక తనంతట తానే పైకి లేచేది. చిక్కల్లా, చెప్పాపెట్టకుండా ధబీమని కిందికి పడేది కూడా. రథం తోలే చిట్టెన్న ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, దాన్ని తయారుచేసిన యంత్రాధికారి మార్తాండుడు వచ్చి మీట నొక్కి చూసి, “భేషుగ్గా ఉంది. నీకే తోలడం రాదు,” అని చక్కా పోయేవాడు.

ఒకరోజు రాణిగారు పసి యువరాజుతో పుట్టింటికి బయలుదేరారు. కిటికీ కనబడితే చాలు, తల బయటపెట్టే పిల్లవాడు. చిట్టెన్న ఇక ఆగలేకపోయాడు. పగ్గాలు వదిలేసి రాజుగారి కాళ్ల మీద పడ్డాడు.

“ఆ పలక పడుతుంది ప్రభూ! బాబుగారిని ఎక్కించకండి!”

“లోపం వీడి తోలడంలో ఉంది ప్రభూ, కిటికీలో లేదు,” అన్నాడు మార్తాండుడు.

“అయితే నేను దిగిపోతాను. తోలేవాణ్ణి ఈ యంత్రాధికారిగారే ఎంచుకోవచ్చు. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, కోట చుట్టూ ఒక్కసారి క్షేమంగా తిరిగొస్తే, నా తల తీయించండి.” చిట్టెన్న లేచి చేతులు జోడించాడు.

రాజుగారు మార్తాండుడి వైపు చూశారు. అతను, పైకెత్తి ఉన్న పలకను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“ముందు... ఒక గుమ్మడికాయ పెట్టి చూద్దాం ప్రభూ.”

“ఏ లోపమూ లేని కిటికీకి గుమ్మడికాయ ఎందుకయ్యా?” అన్నారు రాజుగారు.

ఆ పూటే పలక ఊడదీయించి, గుడ్డ తెర కట్టించారు. యువరాజు దారిపొడుగునా తల బయటపెట్టుకునే వెళ్లాడు.