బోర్లించని భిక్షాపాత్ర

సుమేధుడు కొండ దిగువ విహారానికి పెద్దయి ఏడాది కూడా కాలేదు. కుర్ర భిక్షువులను తీర్చిదిద్దే పని అతనిది. మహా మాటకారి. ఎదుటివాడు కష్టం సగం చెప్పుకోకముందే పరిష్కారం చేతిలో పెట్టి పంపేవాడు. తన ఓపికకు తానే మురిసిపోయేవాడు కూడా.

ఆ వానాకాలం నందికుడనే భిక్షువు వరదలో ఉన్న కృష్ణలోకి నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. అంతకుముందు సాయంత్రం అతను సుమేధుడి దగ్గరికే వచ్చి కూర్చున్నాడు.

ఆ ప్రాంతపు విహారాల్లో ఒక ఆనవాయితీ ఉంది. భిక్షువు పోతే, ఆఖరుసారి అతని మాట విన్నవాడు ఆ మాటలను గురువుకు వినిపించాలి. అప్పుడే గురువు పోయినవాడి భిక్షాపాత్రను బోర్లిస్తాడు. దాంతో వీడ్కోలు పూర్తవుతుంది.

సుమేధుడు నందికుడి పాత్ర పట్టుకుని వానలోనే కొండెక్కాడు. అక్కడుండే గురువు రేవతుడి ముందు కూలబడి ఏడ్చాడు.

"నేనేం తక్కువ చేశాను భంతే? చీకటి పడేదాకా కూర్చోబెట్టి ధైర్యం చెప్పానే!"

గురువు పాత్రను ఒళ్ళోకి తీసుకున్నాడు. "అతనేమన్నాడు?"

"నిద్ర పట్టడం లేదన్నాడు. మనసును అదుపులో పెట్టుకోమన్నాను. శ్వాస మీద..."

"నువ్వన్నది కాదు నాయనా. తరవాత అతనేమన్నాడు?"

"తరవాత... అమ్మ గురించి ఏదో మొదలుపెట్టాడు. బంధాలే దుఃఖానికి మూలమని చెప్పాను. ఒక కథ కూడా చెప్పాను."

"అమ్మ గురించి ఏమన్నాడు?"

సుమేధుడు నోరు తెరిచాడు. తాను చెప్పినదంతా పొల్లుపోకుండా గుర్తుంది. నందికుడి పెదవులు కదలడమూ గుర్తుంది. మాట మాత్రం ఒక్కటీ గుర్తుకు రాలేదు.

గురువు ఎదురుచూశాడు. తొందరపెట్టలేదు, ఓదార్చలేదు. వాన వెలిసింది. కింద నది హోరు వినిపిస్తోంది. తన మాట కోసం ఒక మనిషి ఇంతసేపు కూర్చుంటే ఎలా ఉంటుందో సుమేధుడికి అప్పుడు తెలిసింది.

"గుర్తు రావడం లేదు భంతే. ఇక రాదు. ఆ మాటలు ఇంకెవరి దగ్గరా లేవు."

గురువు పాత్రను బోర్లించలేదు. వెల్లకిలానే శిష్యుడి చేతుల్లో పెట్టాడు.

"ఇది నీ ఎదురుగా ఉంచుకో. రేపు ఇంకొకడు వస్తాడు."