సింహాసనం దిగని రాజు

అదేదో రాజ్యం, పేరు చెప్పినా ఎవరికీ గుర్తుండదు. అక్కడి రాజు గండభూపతి సింహాసనం దిగనంటే దిగనని భీష్మించుకున్నాడు. కోట బయట జనం "మా పెద్దను మేమే ఎన్నుకుంటాం" అంటూ కర్రలు ఎత్తారు. లోపల సైనికులు కత్తులు దూశారు. రాయబారానికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేకపోతే పల్లకీ బోయీ అప్పలసూరి బయల్దేరాడు. రాజుగారి బరువెంతో అతని భుజానికి బాగా తెలుసు.

"తమరి షరతేమిటి ప్రభూ?"

"బతికుండగా ఈ సింహాసనం దిగను. నా కాలు నేల తాకకూడదు!"

"అలాగే ప్రభూ. మాదీ ఒక్కటే షరతు. తమరు ఎందులో కూర్చున్నా మోసే హక్కు బోయీలదే. పాత ఆచారమే కదా!"

రాజు మురిసిపోయి ఒప్పందపత్రం మీద ముద్ర వేశాడు.

మర్నాడు ఎనిమిదిమంది బోయీలు సింహాసనానికి బొంగులు కట్టి, రాజుతో సహా ఎత్తారు. ముద్ర చూసి సైనికులు దారిచ్చారు. ఊరవతల మామిడితోటలో పెడితే, రాజు అక్కడే దర్జాగా కూర్చుని కాకులకు ఆజ్ఞలు జారీ చేశాడు. ఒక్క నెత్తురుచుక్క కూడా కారలేదు.

మూడేళ్లకు, జనం ఎన్నుకున్న పెద్ద ముత్యాలనాయుడు గడువు తీరినా కుర్చీ వదలనన్నాడు. అప్పలసూరి బొంగు భుజాన వేసుకుని వచ్చాడు.

"తమరూ దిగక్కర్లేదండి. తోటలో రాజుగారు తోడు లేక దిగులుపడుతున్నారు."

నాయుడు చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి నడిచాడు.