రాయి వెనక పరిగెత్తిన ఊరు

దొంతికోటను ఏలే చండభూపతి ఒకనాటి పొద్దున్నే మేడెక్కి, ఊరివంక చూసి, చూసినవాడు చూసినట్టే కూలబడ్డాడు.

"అప్పంలా గుండ్రంగా ఉండాల్సిన నా ఊరికి తోక మొలిచిందేమిటయ్యా! ఇది ఊరా, గరిటా?"

నిజమే మరి. పడమటి వాకిలి దాటి రేవుకు పోయే బండ్లబాట వెంట ఇళ్లు బారులు తీరి సాగిపోయాయి. ఎంత పొడుగంటే, ఈ కొసనుంచి పెళ్లికి బయలుదేరినవాళ్లు ఆ కొసకు చేరేసరికి బారసాల భోజనాలు వడ్డిస్తున్నారట!

ఊరి వాస్తు చూసే సర్వంభట్టు ముందుకొచ్చాడు. తన నీడ ముందు నడిస్తే దాన్నీ గద్దించే రకం.

"ప్రభూ, పడమటి వాకిలి బయట నా పేరు చెక్కిన హద్దురాయి ఒకటి నాటిస్తే సరి. రాయికి అవతల ఏదున్నా నేలమట్టం! మళ్లీ అప్పమే."

రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే పేరిందేవి చేతిలో తమలపాకు జారిపోయింది. ఆమె ఇల్లు ఆ తోకమీదే ఉంది. మొన్ననే కొత్త తాటాకు కూడా కప్పించుకుంది.

"ప్రభూ, ముత్తాతగారి కాలంలో అందరిదీ కాలినడకే. నెత్తిన కుండతో ఎంతమేర నడవగలిగితే ఊరు అంత. తాతగారు గాడిదలు తెప్పించారు, ఊరు గాడిద అలిసేదాకా పెరిగింది. తమరు బండ్లబాట వేయించారు. ఇక ఆగుతుందా?"

సర్వంభట్టు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఊరు బండి వెంట పోతుందిటే? దానికి కాళ్లున్నాయా?"

"లేవు భట్టుగారూ. అందుకే చక్రాలు అరువు తెచ్చుకుంటుంది."

రాజు చిరాకుపడ్డాడు. "చాల్లే! రాయి నాటండి. ఊరు రాయి దాటిందో, కూల్చెయ్యండి."

పేరిందేవి తమలపాకు తీసుకుని తీరిగ్గా ఈనెలు తీసింది. "అలాగే ప్రభూ. కాకపోతే భట్టుగారంతటి వారి పేరు చిన్న రాతిమీదా? ఎవరైనా పచ్చడిబండ అనుకుని ఎత్తుకుపోతారు!"

ఆ మాట సర్వంభట్టు గుండెలో నాటుకుపోయింది. రాయి తాటిచెట్టంత అయింది. బిరుదులు చెక్కేసరికి ఉలులన్నీ అరిగి సూదులైపోయాయి. దాన్ని మోసే బండికి వంద జతల ఎడ్లు కట్టారు. బాట వెడల్పు చేయించారు. ముందరి ఎద్దు అంబా అంటే వెనక ఎద్దుకు మర్నాడు వినిపించేది!

బండి పడమటి వాకిలి దాటి ఆగింది. దుమ్ము తనమీద పడకూడదని భట్టు తన డేరా రాయికి అవతలివైపు వేయించుకున్నాడు. ఎడ్లకు గడ్డి కావాలి కదా, డేరా పక్కన గడ్డివాళ్లు దిగారు. ఇరుసు విరిగితే కమ్మరి కొలిమి పెట్టాడు. ఆకలేస్తే అట్లావిడ పొయ్యి రాజేసింది. భట్టు ఒక్క తుమ్ము తుమ్మి ముక్కు తుడుచుకునేలోగా అక్కడ వీధి పుట్టి, ఇద్దరు గోడ హద్దుల దగ్గర జుట్లు పట్టుకున్నారు కూడా.

కూలీలు గునపాలెత్తారు. "స్వామీ, రాయికి అవతల మొదట మీ డేరాయే ఉంది. కూల్చమంటారా?"

భట్టు తెల్లబోయాడు. "ఆగండాగండి! డేరా వెనక్కి..."

రాజుగారు పంపిన తాంబూలం పట్టుకొచ్చిన పేరిందేవి బుగ్గ నొక్కుకుంది.

"అయ్యో! మీరు వెనక్కి తగ్గుతారా? జనం నవ్విపోరూ! రాయినే కాస్త ముందుకు జరిపిస్తే పోలా?"

జరిపించాడు. డేరా ఇంకా ముందుకు పోయింది. దాని వెంట గడ్డి, కొలిమి, అట్లు. పాతచోటేమో ఇళ్లతో నిండింది. ప్రతి మజిలీలోనూ ఇదే తంతు. రాయి పేరిందేవి ఇల్లు దాటింది, తోక కొస దాటింది, చేలూ వాగూ దాటింది. ఊరు ఒగరుస్తూ దాని వెనకే పరిగెత్తింది.

కొన్నాళ్లకు పొరుగురాజు దూత లబోదిబోమంటూ సభకొచ్చాడు.

"మహారాజా! మా రాజుగారి వంటింటి గోడకు మీ హద్దురాయి ఆనింది. పులుసులో పోపు వేయాలంటే మీ భట్టుగారి డేరా చుట్టి పోవాల్సి వస్తోంది!"

చండభూపతి మండిపడ్డాడు. "పేరిందేవీ! నా ఊరు రాయి దాటిందా?"

పేరిందేవి వినయంగా తాంబూలం అందించింది.

"ఎంతమాట ప్రభూ! తమరి ఆజ్ఞ దాటుతుందా? పాపం, ఊరు రాయిని అందుకోలేకే చస్తోంది!"

సభంతా గొల్లుమంది. దూత కూడా నవ్వాడు. రాజు నవ్వీ నవ్వీ కిరీటం చేత్తో పట్టుకున్నాడు.

"ఇక తోక జోలికి ఎవడూ పోవద్దు! ఈమె తాటాకింటికి నా మేడ పెంకులు వేయించండి. ఒరే, ఎవరక్కడ? ఆ భట్టును రాయితోసహా వెనక్కి..."

అంతలోనే గబుక్కున లేచి నిలబడ్డాడు.

"వద్దు వద్దు! రాయి వెనక్కొస్తే ఊరంతా దాని వెంటే వచ్చి నా మేడెక్కి కూర్చుంటుంది! భట్టును ఒక్కణ్నే రమ్మనండి. నడిచి రమ్మనండి!"