సువార్తమ్మకు చదివి వినిపించిన అధ్యాయం

అడిగిన గదిలో జవాబు చెప్పే అలవాటు ఇమ్మానుయేలు మాస్టారికి లేదు. ప్రశ్న విని ఊరుకునేవారు. వారానికో నెలకో, ఏ బస్సులోనో, ఎవరింటి అరుగు మీదో, ఆ ప్రశ్నే మనకి మళ్ళీ ఎదురుపడేది. ఆయన పక్కన నిలబడి ఉండేవారు, అంతే. ముప్పై ఏళ్ళు వలసల మీద పని చేసిన మనిషి. ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళలో చివరిదాన్ని నేను. నలభై ఆరేళ్ళ వయసులో, ఒక పక్క కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, డిగ్రీ చదివే కూతురుండగా చేరాను.

నేను అడిగింది ఇది.

"మాస్టారూ, మాట్లాడిన ప్రతి మనిషి దగ్గరా సంతకం తీసుకున్నాను. మనుషుల పేర్లన్నీ మార్చాను. ఇక్కడి ఊళ్ళ పేర్లు తీసేశాను. ఇంకా ఏది రాయకూడదు?"

అప్పుడు ఆయన బల్ల మీద నా నాలుగో అధ్యాయం ఉంది. దాన్ని చూసుకుని నాకు గర్వంగా ఉండేది. కాగితాలు లేకుండా పరాయి దేశంలో ఉండిపోయిన మన ఆడవాళ్ళని అక్కడి ప్రభుత్వాలు ఎలా పాలిస్తాయన్నది నా విషయం. పట్టుకుని, జైల్లో పెట్టి, వెనక్కి పంపి పాలిస్తాయని నాకంటే ముందే చాలామంది రాశారు. చూసీ చూడనట్టు ఊరుకోవడం కూడా పాలించడమేనని నేను రాశాను. నా దగ్గర రుజువుంది. గల్ఫ్‌లో ఒక నగరంలో, ఒక వీధిలో, ప్రతి శుక్రవారం మన ఆడవాళ్ళు చేరతారు. కాగితాలున్నవాళ్ళూ వస్తారు, లేనివాళ్ళూ వస్తారు. ప్రార్థన చేసుకుంటారు, వండి తెచ్చుకున్నది పంచుకుంటారు. పోలీసు బండి ఆ వీధిలోకి వస్తుంది, ఆగకుండా వెళ్ళిపోతుంది. ఏళ్ళ తరబడి అదే వరస. ఎందుకు ఆగదో పన్నెండు పేజీల్లో విప్పి చెప్పాను. నగరం పేరూ వీధి పేరూ మాత్రం మార్చలేదు. చోటు చెప్పకపోతే అది రుజువెలా అవుతుంది?

ఇక్కడ ఆ పేర్లు రాయడం లేదు. శుక్రవారం అని రాస్తున్నాను, అదీ కాకపోవచ్చు.

ఆ అధ్యాయాన్ని వ్యాసంగా చదవమని యూరప్‌లో ఒక సదస్సు వాళ్ళు పిలిచారు. నా వయసులో అలాంటి పిలుపు మళ్ళీ రాదు. ఇంట్లో అందరికీ చెప్పాను, కాలేజీలో స్వీట్లు పంచాను. మాస్టారు కాగితాలు సర్ది క్లిప్పు పెట్టి, "వీసాకి పాస్‌పోర్టు కావాలి కదా. తెచ్చుకున్నావా?" అన్నారు.

నా పాస్‌పోర్టు సువార్తమ్మ దగ్గర ఉంది.

ఆ సంగతి చెప్పాలి. సువార్తమ్మది కోనసీమలో, గోదావరి పాయ అవతల ఒక లంక. పదకొండేళ్ళు గల్ఫ్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చింది. ఆవిడ వచ్చాక కూతురు కెజియా వెళ్ళింది. ముప్పై నిండని ఆడమనిషి అక్కడికి ఇంటిపనికి వెళ్ళకూడదని మన నియమం. కెజియాకి అప్పుడు ఇరవై. ఏజెంటు విజిట్ వీసా మీద పంపాడు. పెట్టుకున్న ఇంటివాళ్ళు గదిలో పెట్టి తాళం వేసేవాళ్ళు. ఆర్నెల్లకి ఎలాగో బయటపడింది గాని, పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉండిపోయింది. ఇప్పుడు మిషను కుట్టుకుని బతుకుతూ, ఆ ప్రభుత్వం ఎప్పుడో ఒకప్పుడు ప్రకటించే క్షమాభిక్ష కోసం చూస్తోంది. అది ప్రకటిస్తే జైలు లేకుండా ఇంటికి రావచ్చు. ఈలోపు దొరికితే జైలే. శుక్రవారం చోటు సంగతి నాకు మొదట చెప్పింది సువార్తమ్మే.

చెప్పే ముందు షరతు పెట్టింది. అనుమతి పత్రం తీసి సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తే, ఆవిడ నవ్వింది.

"నా సంతకం దేనికండీ మేడంగారూ? ఇప్పటిదాకా పెట్టిన సంతకాలన్నీ ఎక్కడున్నాయో నాకే తెలీదు. మీకు పాస్‌పోర్టుందా?"

ఉంది. రెన్యువల్ అయి వచ్చి వారమే అయింది. సంచిలోనే ఉంది.

"అయితే ఇలా ఇవ్వండి. పని చేసేవోళ్ళ పాస్‌పోర్టు పని చేయించుకునేవోళ్ళ దగ్గరుంటాది. ఇక్కడ పని చేత్తంది మీరు కదండీ? అయ్యాక పట్టుకెళ్దురుగాని."

అరుగు మీదున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "సువార్తా, ఆవిడకి శుక్రవారం సెలవిత్తావా?" అంది ఒకావిడ. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఇచ్చాను. సువార్తమ్మ దాన్ని బైబిలు సంచిలో పెట్టి జిప్పు లాగింది. సంతకం కూడా పెట్టింది, కాదనలేదు. ఎనిమిది నెలలు నా పాస్‌పోర్టు అక్కడే ఉంది. డిపార్టుమెంటులో ఈ కథ తమాషాగా చెప్పేదాన్ని. మాస్టారు ఒక్కరే నవ్వలేదు.

"తెచ్చుకుందాం పద. నేనూ వస్తాను" అన్నారు ఆరోజు. లేస్తూ, "ఈ అధ్యాయం ఆవిడకి వినిపించావా?" అని అడిగారు.

"ఆవిడకి ఇంగ్లీషు రాదు కదా మాస్టారూ."

"నీకు తెలుగు వచ్చు కదమ్మా."

గురువారం వెళ్ళాం. పంటు పడవ మీద పాయ దాటి, అవతల ఆటో ఎక్కాం. సువార్తమ్మ వాకిట్లో కొబ్బరాకుల కుప్ప ముందు కూర్చుని, చీపుళ్ళకి ఈనెలు తీస్తోంది. కత్తి పెట్టి ఒక్క లాగు లాగితే ఆకు ఒకవైపు, ఈనె ఒకవైపు. మమ్మల్ని చూసి కూర్చున్నచోటి నుంచే చేతులు జోడించింది.

"వందనాలండీ మాస్టారూ. మేడంగారూ, నా కోసం వచ్చారా, పాస్‌పోర్టు కోసం వచ్చారా? ముందే చెప్పండి. నా కోసమయితే చేపల పులుసు. పాస్‌పోర్టుకయితే టీయే."

"చదివి వినిపిస్తుందమ్మా" అన్నారు మాస్టారు. "పని అయిందో లేదో నువ్వు చెప్పాలి."

చదవడం మొదలుపెట్టాను. కళ్ళు ఇంగ్లీషు మీద, నోరు తెలుగులో. మొదటి వాక్యంలోనే తడబడ్డాను. "సక్రమం కాని వలస" అన్నాను.

"కల్లివెల్లి అనండి, అర్థమవుద్ది" అంది. యజమాని ఇల్లు వదిలేసి కాగితాలు లేకుండా తిరిగేవాళ్ళని అక్కడ మనవాళ్ళు అనే మాట అది. "నేనూ రెండేళ్ళు కల్లివెల్లినే లెండి."

ఎనిమిది నెలల్లో ఆ మాట నాకు చెప్పలేదు. ఆవిడ గురించి రాసిన పేజీలో, పదకొండేళ్ళూ సక్రమంగా పని చేసినట్టు రాశాను. దాన్ని దాటేసి ముందుకి వెళ్ళాను.

కష్టంగానే సాగింది. నా ఇంగ్లీషు వాక్యాల్లో మనుషులు లేరు. తెలుగులో చెప్పేసరికి ప్రతి వాక్యానికీ ఒక మనిషి కావలసి వచ్చింది. "పట్టుబడడం జరుగుతుంది" అంటే "ఎవరండీ?" అంటుంది. "తిప్పి పంపుతారు" అంటే "ఎవరిని?" అంటుంది. నేను చెప్పాలి. మీలాంటివాళ్ళని అనాలి. నాలుగైదు పేజీలయ్యేసరికి నా గొంతు నాకే తగ్గి వినిపించింది. కత్తి మాత్రం ఆగలేదు. సర్రుమని ఈనె, పక్కన పడిన ఆకు.

వీధి పేరు దగ్గర కత్తి ఆగింది.

నేను ఆగలేదు. పోలీసు బండి ఏ మలుపు నుంచి వస్తుందో, మనవాళ్ళు ఏ వేళకి చేరతారో, ఎంతమంది ఉంటారో, అందులో కాగితాలు లేనివాళ్ళు ఎందరో, అంతా చదివాను. చివరిదాకా వింది. చీర మీద పడిన ఆకు తుంపులు దులుపుకుంది.

"నేను చెప్పినట్టే రాశారు" అంది. "ఒక్క ముక్క పొల్లుపోలేదు."

నాకు ఊపిరి వచ్చింది. మాస్టారి వైపు చూశాను. ఆయన నేలకేసి చూస్తున్నారు. సువార్తమ్మ లోపలికి వెళ్ళి పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. పెట్టాక అడిగింది.

"ఇది ఎవరు చదువుతారండీ?"

"సదస్సుకి వచ్చేవాళ్ళంతా. పరిశోధకులు, ప్రొఫెసర్లు. చాలా దేశాల నుంచి వలసల శాఖ అధికారులు కూడా వస్తారు." అందరికీ చెప్పి చెప్పి అలవాటైన మాట. అదే గొంతుతో వచ్చేసింది.

"ఆ దేశం నుంచి కూడానా?"

తలూపాను.

"అంటే, చూసీ చూడనట్టు ఊరుకున్నోళ్ళ దగ్గరికెళ్ళి, మీరు ఊరుకుంటన్నారండీ అని అందరి ముందూ చెప్తారన్నమాట."

కోపంగా అనలేదు. సరిగ్గా అర్థం చేసుకున్నానా అని అడిగినట్టు అంది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఫోను తీసి నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"కెజియా, అమ్మనే. రేపు శుక్రవారం అక్కడికి ఎళ్ళకు. వచ్చే వారం కూడా వద్దు. మిగతా పిల్లలకి కూడా చెప్పు. ఎందుకో తరవాత చెప్తాను. కూర వండేసుంటే ఫ్రిజ్‌లో పెట్టుకో, పారెయ్యకు." మెసేజి పంపి ఫోను పక్కన పెట్టింది. "ఆరు రోజులూ మిషను ముందు కూర్చుంటాదండీ. ఆ ఒక్క పూటే నోరారా తెలుగు మాట్లాడుద్ది."

"తీసేస్తాను సువార్తమ్మా" అన్నాను. "వీధి పేరు తీసేస్తాను. ఆ అధ్యాయమే తీసేస్తాను. అమ్మాయిని వెళ్ళొద్దనకండి."

"ఇంకా ఎవరికీ పంపలేదు కదా?"

పంపాను. మొత్తం కాదు, సారాంశం. పంపి పదిహేను రోజులయింది. ఒక్క పేజీయే గాని, ఆ పేజీలో నగరం పేరుంది, వీధి పేరుంది. ఆవిడ నా మొహం చూసి ఇంక అడగలేదు.

మా అమ్మాయి కంటే కెజియా ఒక్క ఏడాది పెద్ద. మొదటి రోజే అది నోట్సులో రాసుకున్నాను, వయసు అన్న గడిలో. ఆ మధ్యాహ్నం సువార్తమ్మ వాకిట్లో కూర్చుని, ఫోను వైపే చూస్తూ, అది నాకు మొదటిసారి తెలిసింది. కెజియా మెసేజి విన్నట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

పాస్‌పోర్టు మళ్ళీ ఆవిడ ముందు పెట్టాను. "ఇది మీ దగ్గరే ఉంచండి."

"నాకెందుకండీ" అంది. "మీ పని అయిపోయింది కదా."

ఎత్తిపొడుపు కాదది. ఎత్తిపొడిచినా బాగుండును. లోపలికి వెళ్ళి చేపల పులుసుతో భోజనం పెట్టింది. ఇంకో గరిటె వేసుకోమని మాస్టారిని బతిమాలింది. వచ్చేటప్పుడు చీపురుకట్ట ఒకటి ఇచ్చింది. వద్దనడానికి నాకు మొహం చెల్లలేదు.

పంటు మీద, సిగ్నల్ దొరకగానే, సదస్సు వాళ్ళకి రాశాను. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను, రావడం లేదు, సారాంశం కూడా దయచేసి తీసేయండి అని. పాయ మధ్యలో ఉండగానే జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. నేను రాలేకపోతున్నందుకు విచారిస్తున్నామన్నారు. సారాంశాల పుస్తకం మాత్రం మొన్ననే ప్రతినిధులందరికీ, ఆహ్వానించిన ప్రభుత్వ శాఖలకీ పంపేశామన్నారు.

ఫోను మాస్టారికి ఇచ్చాను. కళ్ళజోడు తీసి, దగ్గరగా పెట్టుకుని, రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చారు.

"నీ అధ్యాయంలో వీధి పేరు అప్పుడే చూశాను" అన్నారు. "పంపేశావని నాకు తెలీదు."

మా పక్కన ఒకాయన మోటారు సైకిలు మీదే కూర్చుని, అవతలి ఒడ్డున ఎవరికో దిగుతున్నానని ఫోనులో అరుస్తున్నాడు. నేను శుక్రవారం గురించే ఆలోచిస్తున్నాను. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. సెలవు పూట. ఫ్రిజ్‌లో కూర. ఎంతసేపని గదిలో ఉంటుంది? ఇంకెక్కడో నలుగురు చేరే చోటు దొరక్కపోదు. ఎవరో ఒకరు కబురు చెప్పకపోరు. వాళ్ళు ఇంకో చోటు చూసుకుంటారని అనుకోవడం ఒక్కటే నాకు ఓదార్పు.

పంటు ఒడ్డుకి తగిలింది. మనుషులు లేచారు. మాస్టారు రెయిలింగు పట్టుకుని దిగబోతున్నారు.

"ఆ పిల్ల ఇంక శుక్రవారాలు ఎక్కడికి వెళ్తుందో మాస్టారూ" అన్నాను.

ఆయన ఆగి, వెనక్కి తిరిగి, నా మొహంలోకి చూశారు.

"అది మాత్రం కనుక్కోకమ్మా" అన్నారు.