తెరిచిన నోటి తునకలమ్మ

గోదావరి మన్యంలో ఎర్రవాగు దాటి కొండెక్కే భక్తులకు ముందుగా కనిపించేది గుడి కాదు, దండెం. రెండు ఇప్పచెట్ల నడుమ కట్టిన ఆ అడవితీగ వెనుక, కప్పులేని రాతి అరుగు మీద తునకలమ్మ కూర్చుని ఉంటుంది. అమ్మవారి నోరు తెరిచి ఉంటుంది. పిల్లలు జడుసుకుంటారు, పెద్దలు ఫొటోలు తీసుకుంటారు. ఆ నోరు ఎందుకు తెరుచుకుందని అడిగేవారు మాత్రం తక్కువ. అడగనివారి కోసమే ఈ నాలుగు మాటలు.

పూర్వం నుంచీ ఇక్కడ కోయల గూడెం ఉంది. వానాకాలం వాగు పొంగితే బయటికి దారి ఉండదు గనుక, ఎండలుండగానే వేటమాంసాన్ని సన్నగా చీల్చి, ఉప్పూ పసుపూ రాసి, దండేల మీద ఆరవేసి, పొయ్యి పైన పొగ పట్టించి దాచుకునేవారు. వానలున్నన్నాళ్లూ ఆ తునకలే ఆధారం. మడకం ముత్తి అనే ఇల్లాలు ఆ పనిలో చెయ్యి తిరిగినది. ఇంట చంటిబిడ్డ ఉన్నందున కాకిని కూడా దండెం మీద వాలనిచ్చేది కాదు.

ఒకనాడు ఎవరూ ఎరుగని ముసలమ్మ వచ్చి దండెం కింద నిలబడింది.

“ఒక్క తునక పెట్టు బిడ్డా. నమిలే ఓపిక లేదు, సప్పరిత్తాను.”

“ఇంకా ఆరలేదవ్వా. ఆరినాక రా,” అంది ముత్తి.

అది అబద్ధం. తునకలు ఆరి గలగలలాడుతున్నాయి. ముసలమ్మ మళ్లీ అడగలేదు, కొండవైపు నడిచింది. మరునాడు ముత్తి దింపబోతే తునకలన్నీ పచ్చిగా నెత్తురోడుతున్నాయి. ఎంత ఎండ కాసినా ఆరలేదు. హడలిపోయి అవ్వను వెదుక్కుంటూ కొండెక్కితే, అరుగు మీద నోరు తెరిచిన రాయి కనిపించింది. ముత్తి ఏడ్చి ఏడ్చి అక్కడే సొమ్మసిల్లింది. అప్పుడు అమ్మ కలలో కనిపించి, “నా నోట పెట్టకు. మొదటి తునక దండెం మీద వదిలెయ్యి. ఆకలైనోళ్లు అడక్కుండా తీసుకోవాల,” అని ఆనతిచ్చింది.

నాటి నుంచి గూడెంలో ఎవరు మాంసం ఎండబెట్టినా మొదటి తునక అమ్మ దండేనికే. దానికి కాపలా ఉండదు. ఎవరు తీసుకున్నారని ఎవరూ అడగరు.

ఇప్పుడు మన తునకలు పట్నంలో అద్దాల దుకాణాలకు ఎక్కాయి. కసరత్తు చేసేవారు, కార్లలో తిరిగేవారు ఇష్టంగా నములుతున్నారట. సంతోషమే. ఒక కంపెనీ వాగు ఒడ్డున షెడ్డు వేసి, గూడెం ఆడవాళ్ల చేతనే మేకమాంసం చీల్పిస్తోంది. ప్యాకెట్టు మీద మన అమ్మవారి బొమ్మ వేసింది, నోరు మూసి చిరునవ్వు పెట్టి. తెరిచిన నోరు చూస్తే కొనేవారికి సహించదట! పూజారి తుర్రం సింగమ్మ వెళ్లి మొదటి తునక అడిగితే షెడ్డు మేనేజరు మర్యాదగానే బదులిచ్చాడు.

“ఇంకా ప్యాకింగ్ కాలేదమ్మా. అయినాక చూద్దాం.”

ముత్తి కూడా మర్యాదగానే చెప్పింది.

ఇళ్లలో ఎండబెట్టుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. దండేనికి భక్తులు కొనితెచ్చిన ప్యాకెట్లే మిగిలాయి. షెడ్డులో కత్తి పట్టి పట్టి వేళ్లలో పట్టు పోయిన మడకం గంగి, ముత్తి వంశంలోని ముసలిది, పని పోయి ఒంటరిగా ఉండేది. కిందటి వానల్లో వాగు పొంగి, ఇంట గింజ లేక, కొండెక్కి ప్యాకెట్టు దింపుకుంది. అవతలి ఒడ్డున చిక్కుకున్న సింగమ్మ, నీరు తీశాక వచ్చి చూసేసరికి గంగి అమ్మవారి పక్కన అరుగుకు చేరగిలబడి ఉంది. ఒంట్లో ప్రాణం లేదు. ఒళ్లో ప్యాకెట్టు ఉంది. అంచున చిగుళ్లతో కొరికిన తడి ఆనవాళ్లున్నాయి గాని, అది చిరగలేదు. దాని మీది బొమ్మలో అమ్మవారు నవ్వుతూనే ఉంది. రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కోపంగానూ ఉంది.

నేటికీ మొదటి తునక దండేనికే చెల్లాలి. ఆకలితో వచ్చినవారికి అందేలా పెట్టినవారి ఇంట తిండికి కొదవ ఉండదని అమ్మ మాట. కొండెక్కే భక్తులకు ఒక్కటే మనవి: ప్యాకెట్టు చింపి కట్టండి.